టెసరాక్ట్‌ను సోర్సు నుంచి బిల్డ్ చేసుకోవడం ఎలా: లినక్స్, మ్యాక్, విండోస్

పాత తెలుగు పుస్తకం స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టుకున్నారు, బాగానే ఉంది, కానీ అందులో ఒక మాట వెతుకుదామంటే దొరకదు, ఒక పేరా కాపీ చేద్దామంటే రాదు, ఎందుకంటే కంప్యూటరు లెక్కలో అది అక్షరాలు కాదు, ఫొటో. ఆ ఫొటోని అక్షరాలుగా మార్చే ఓసీఆర్ టూల్ టెసరాక్ట్. పైసా ఖర్చు లేదు, మన ఫైళ్లు ఎవరి సర్వరుకీ వెళ్లవు, అంతా మన మెషీన్ మీదే నడుస్తుంది. దాన్ని సోర్సు కోడ్ నుంచి ఎలా బిల్డ్ చేసుకోవాలో, తెలుగు పేజీ చదివించేదాకా చెప్తాను.

ఇది నిన్నమొన్నటి టూల్ కాదు. హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్లు తమ ల్యాబ్స్‌లో 1985 నుంచి 1994 దాకా దీని మీద పని చేశారు, 2005లో సోర్సు కోడ్ బయటపెట్టారు, 2006 నుంచి 2018 వరకు గూగుల్ దీన్ని ముందుకు తీసుకెళ్లింది. మన భాషల వరకు అసలు మలుపు 2018 అక్టోబరులో వచ్చిన 4.0 వెర్షన్. అందులో ఎల్ఎస్‌టీఎం న్యూరల్ నెట్‌వర్క్ పెట్టారు, దాంతో ఒక్కో అక్షరాన్ని విడగొట్టి గుర్తుపట్టే పాత పద్ధతి పక్కకి జరిగి, లైను మొత్తాన్ని కలిపి చదివే పద్ధతి వచ్చింది. అక్షరానికి పైన గుణింతం, కింద వత్తు ఉండే తెలుగుకి అది చాలా పెద్ద తేడా. 5.0 వెర్షన్ 2021 నవంబరు ఆఖర్లో వచ్చింది. లైసెన్సు అపాచీ 2.0 కాబట్టి వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మీ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోవచ్చు.

మీకు సోర్సు బిల్డ్ నిజంగా కావాలా?

ఇది ముందే తేల్చుకోండి. ఉబుంటు 24.04లో ఆప్ట్ ద్వారా, అంటే సిస్టమ్‌తో వచ్చే ప్యాకేజీ ఇన్‌స్టాలర్ ద్వారా, 5.3.4 వస్తుంది, డెబియన్ 12లో 5.3.0 వస్తుంది. అవి మీకు సరిపోతే ‘టెసరాక్ట్-ఓసీఆర్’, ‘టెసరాక్ట్-ఓసీఆర్-టెల్’ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసుకుని నేరుగా పుస్తకం పని మొదలుపెట్టండి. మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ మేనేజర్ ఇస్తుంది, విండోస్‌కి జర్మనీలోని మన్‌హైమ్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు తయారుచేసే ఇన్‌స్టాలర్ ఉంది. వీటితో పని అయిపోతుంటే సోర్సు జోలికి వెళ్లాల్సిన అవసరం లేదు.

సోర్సు ఎవరికి కావాలంటే: ఉబుంటు 22.04 లాంటి పాత సిస్టమ్ మీద ఉండి ఆప్ట్ ఇచ్చే 4.1.1 కాకుండా కొత్త వెర్షన్ కావాలనుకునేవాళ్లకి, కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీసు సర్వర్ మీదో అడ్మిన్ హక్కులు లేకుండా సొంత హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోవాల్సినవాళ్లకి, రిలీజులో ఇంకా రాని సవరణ వాడాలనుకునేవాళ్లకి, కోడ్‌లో తామే చెయ్యి పెట్టి మార్చాలనుకునేవాళ్లకి. ఈ చివరివాళ్లు మన తెలుగులో ఇంకా చాలామంది రావాలని నా కోరిక, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక మాట. కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను, టెర్మినల్‌లో కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. గీతలు, చుక్కలు, స్లాష్‌లు, అంకెలు ఎలా ఇచ్చానో అలాగే.

ఏ సిస్టమ్ అయినా పని మాత్రం ఒకటే వరుసలో జరుగుతుంది. కావాల్సిన లైబ్రరీలు తెచ్చుకోవడం, అవి ఎక్కడున్నాయో చూసుకోమని కాన్ఫిగర్ అనే స్క్రిప్టుకి చెప్పడం, కంపైల్ చేయడం, తయారైన ఫైళ్లని వాటి చోట్లలో పెట్టడం, చివర్లో భాష ఫైలు తెచ్చుకోవడం. సిస్టమ్‌ని బట్టి మారేది ‘లైబ్రరీ ఎక్కడుంది’ అన్న ఒక్క సంగతే, వచ్చే ఎర్రర్లలో ఎక్కువ భాగం కూడా దాని చుట్టూనే తిరుగుతాయి. అందుకే కమాండ్లు వరసగా పేస్ట్ చేసుకుంటూ పోకండి, ఒక్కోటి అయ్యాక అది ఏం చెప్పిందో చదవండి.

ఉబుంటు, డెబియన్ మీద

ముందు కంపైలర్, దాని తోటి సరంజామా:

‘సుడో ఆప్ట్ అప్‌డేట్’
‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గిట్ జీ++ మేక్ ఆటోకాన్ఫ్ ఆటోమేక్ లిబ్‌టూల్ పీకేజీ-కాన్ఫిగ్’

తర్వాత లైబ్రరీలు. అన్నిటికన్నా ముఖ్యమైనది లెప్టోనికా. ఫొటో తెరవడం, నలుపు తెలుపు చేయడం, వంకర సరిచేయడం లాంటి బొమ్మ పని అంతా దాని చేతిలోనే ఉంటుంది, టెసరాక్ట్ దాని మీదే ఆధారపడి నడుస్తుంది.

‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌లెప్టోనికా-డెవ్ లిబ్ఆర్కైవ్-డెవ్ లిబ్‌కర్ల్4-ఓపెన్ఎస్ఎస్ఎల్-డెవ్’

సొంతంగా మోడల్ ట్రెయిన్ చేసే ఆలోచన ఉంటే ‘లిబ్ఐసీయూ-డెవ్’, ‘లిబ్‌పాంగో1.0-డెవ్’, ‘లిబ్‌కైరో2-డెవ్’ కూడా ఇప్పుడే వేసుకోండి.

ఆ చివర ఉన్న ‘-డెవ్’ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లకి టెన్షన్ పెట్టేది అదే. డెబియన్ పద్ధతిలో ప్రతి లైబ్రరీ రెండు ముక్కలుగా వస్తుంది: ప్రోగ్రాము నడవడానికి కావాల్సిన ముక్క ఒకటి, ఆ లైబ్రరీని వాడుకుంటూ ఇంకో ప్రోగ్రాము కంపైల్ చేయడానికి కావాల్సిన హెడర్ ఫైళ్ల ముక్క ఇంకొకటి. మీ సిస్టమ్‌లో లెప్టోనికా ఇప్పటికే ఉండొచ్చు, అయినా కాన్ఫిగర్ ‘లెప్టోనికా 1.74 లేదా అంతకన్నా కొత్తది కావాలి’ అని ఆగిపోతుంది. అది అడిగేది రెండో ముక్కని. ఇక్కడే కాదు, లినక్స్ మీద ఏ సాఫ్ట్‌వేర్ బిల్డ్ చేస్తున్నా ‘ఫలానా లైబ్రరీ దొరకలేదు’ అంటే ముందు దాని ‘-డెవ్’ ప్యాకేజీ ఉందో లేదో చూడండి, చాలాసార్లు అక్కడితో తెమిలిపోతుంది.

ఇప్పుడు సోర్సు. గిట్‌హబ్‌లో టెసరాక్ట్-ఓసీఆర్ అనే ఖాతా కింద టెసరాక్ట్ పేరుతోనే ఉంటుంది, ‘గిట్ క్లోన్’ చేసుకుని ఆ ఫోల్డర్‌లోకి వెళ్లండి. క్లోన్ చేసే చోటు పాత్‌లో స్పేస్‌లు లేకుండా చూసుకోండి. ‘నా ప్రాజెక్టులు’ లాంటి పేరున్న ఫోల్డర్‌లో పెడితే బిల్డ్ మధ్యలో మొరాయించొచ్చు.

క్లోన్ అవ్వగానే మీ ముందు ఉండేది మెయిన్ బ్రాంచి, అంటే ఇంకా పని జరుగుతూ ఉన్న కోడ్. ఈ రోజు బాగా కంపైల్ అయింది రేపు కాకపోవచ్చు. ‘గిట్ ట్యాగ్’ అని కొడితే రిలీజుల జాబితా వస్తుంది, అందులోంచి ఒకటి ఎంచుకోండి, ఉదాహరణకి ‘గిట్ చెకౌట్ 5.5.0’. హెడ్ విడిపోయి ఉంది అని గిట్ పెద్ద మెసేజ్ ఇస్తుంది, కంగారు పడకండి, మీరు ఒక ట్యాగ్ మీద ఉన్నారని చెప్పడమే దాని ఉద్దేశం.

తర్వాత:

‘./ఆటోజెన్.ఎస్‌హెచ్’
‘ఎంకేడిఐఆర్ బిల్డ్’
‘సీడీ బిల్డ్’
‘../కాన్ఫిగర్’

మొదటిది కాన్ఫిగర్ స్క్రిప్టుని తయారుచేస్తుంది, గిట్ నుంచి తెచ్చుకున్న సోర్సులో అది రెడీగా ఉండదు. బిల్డ్ అని వేరే ఫోల్డర్ ఎందుకంటే, ఏదైనా తేడా వస్తే ఆ ఒక్క ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు, సోర్సు శుభ్రంగా ఉంటుంది. అందరూ దీన్ని వదిలేస్తారు, తర్వాత పాత ఫైళ్లూ కొత్త ఫైళ్లూ కలిసిపోయి ఎక్కడ తప్పు జరిగిందో తెలియక తల పట్టుకుంటారు.

కాన్ఫిగర్ నడుస్తుంటే ‘చెకింగ్ ఫర్’ అంటూ పేజీలకి పేజీలు దొర్లిపోతాయి, అవన్నీ చదవక్కర్లేదు. ఆఖరి పది పదిహేను లైన్లు మాత్రం తప్పకుండా చదవండి. అంతా సరిగ్గా ఉంటే ‘కాన్ఫిగరేషన్ అయిపోయింది, ఇక మేక్ నడపొచ్చు’ అని ఉంటుంది. ట్రెయినింగ్ టూల్స్‌కి కావాల్సినవి కూడా దొరికితే వాటిని ఎలా బిల్డ్ చేయాలో దాని కిందే చెప్తుంది, దొరక్కపోతే వాటిని బిల్డ్ చేయడం కుదరదని కూడా అక్కడే చెప్తుంది. ట్రెయినింగ్ మీకు అక్కర్లేకపోతే ఆ మాట పట్టించుకోకండి, అది ఎర్రర్ కాదు. ఏది ఎందుకు దొరకలేదో లోతుగా చూడాలంటే బిల్డ్ ఫోల్డర్‌లోనే ‘కాన్ఫిగ్.లాగ్’ అని ఫైలు ఉంటుంది, అందులో ఆ లైబ్రరీ పేరు వెతకండి.

కంపైల్ చేయడానికి ‘మేక్ -జె4’. ఆ 4 అంటే ఒకేసారి నాలుగు ఫైళ్లు కంపైల్ చేయమని. ‘ఎన్‌ప్రాక్’ అని కొడితే మీ ప్రాసెసరుకి ఎన్ని కోర్లు ఉన్నాయో చెప్తుంది, అంత పెట్టుకోవచ్చు, కానీ ర్యామ్ తక్కువున్న మెషీన్ అయితే ఆశపడకండి, ఒక్కో కంపైలరూ తన వాటా మెమరీ తీసుకుంటుంది, సరిపోకపోతే సిస్టమే దాన్ని చంపేస్తుంది. ‘కిల్డ్’ అన్న మాట, దాని పక్కన ‘సీసీ1ప్లస్’ కనిపించాయంటే కోడ్‌లో తప్పేమీ లేదు, మెమరీ చాల్లేదంతే. ‘-జె2’ అనో, అసలు ఏమీ పెట్టకుండానో మళ్లీ నడపండి, ఆగిన చోటునుంచే కొనసాగుతుంది.

చివర్లో ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’, దాని వెంటనే ‘సుడో ఎల్‌డీకాన్ఫిగ్’. ఈ రెండోది మర్చిపోతే ‘లిబ్‌టెసరాక్ట్.ఎస్ఓ.5 తెరవలేకపోయాను’ అని ప్రోగ్రాము మొదలవకుండానే ఆగిపోతుంది, ఎందుకంటే కొత్త లైబ్రరీ వచ్చి చేరిందని సిస్టమ్‌కి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ‘టెసరాక్ట్ --వెర్షన్’ కొట్టండి. ఈ జవాబుని కాస్త ఆగి చూడటం అలవాటు చేసుకోవాలి. మొదటి లైనులో టెసరాక్ట్ వెర్షన్, రెండో దాంట్లో లెప్టోనికా వెర్షన్, దాని కింద కోలన్లతో విడదీసి లిబ్‌జేపెగ్, లిబ్‌పీఎన్‌జీ, లిబ్‌టిఫ్, జెడ్‌లిబ్ ఇలా వరసగా. లెప్టోనికా ఏయే రకం ఫొటోలు తెరవగలదో చెప్పే జాబితా అది. అందులో లిబ్‌పీఎన్‌జీ లేదంటే మీరు ఎంత మంచి పీఎన్‌జీ ఇచ్చినా చదవలేదు. లెప్టోనికాని కూడా సోర్సు నుంచే బిల్డ్ చేసి, అప్పుడు ఫొటో లైబ్రరీల ‘-డెవ్’ ప్యాకేజీలు వేసుకోనివాళ్లకి సరిగ్గా ఇదే జరుగుతుంది. జాబితా కింద ‘ఫౌండ్ ఏవీఎక్స్2’ లాంటి లైన్లు ఉంటాయి, ఆర్మ్ ప్రాసెసర్ అయితే ‘ఫౌండ్ నియాన్’. ప్రాసెసర్‌లో ఉన్న వేగపు దారులను టెసరాక్ట్ కనిపెట్టిందని అర్థం.

వెర్షన్ మీరు బిల్డ్ చేసినది కాకుండా పాతదే చూపిస్తోందా? ‘విచ్ టెసరాక్ట్’ కొట్టండి. ‘/యూఎస్ఆర్/బిన్’ అని వస్తే అది ఆప్ట్ వేసిన పాతది, మీది ‘/యూఎస్ఆర్/లోకల్/బిన్’లో ఉంటుంది. పాత ప్యాకేజీ తీసేయండి, లేదా ‘హాష్ -ఆర్’ కొట్టి షెల్ గుర్తుపెట్టుకున్న పాత దారిని మర్చిపోయేలా చేయండి.

సుడో హక్కులు, అంటే అడ్మిన్ హక్కులు లేనివాళ్లు కాన్ఫిగర్ దగ్గరే ‘--ప్రిఫిక్స్=$హోమ్/.లోకల్’ అని ఇవ్వండి, అప్పుడు ‘మేక్ ఇన్‌స్టాల్’కి సుడో అక్కర్లేదు, ఎల్‌డీకాన్ఫిగ్ కూడా అక్కర్లేదు. ఆ మెషీన్ మీద లెప్టోనికా కూడా లేకపోతే దాని సోర్సు తెచ్చుకుని, అదే ప్రిఫిక్స్‌తో ముందు దాన్ని బిల్డ్ చేసి, తర్వాత టెసరాక్ట్ కాన్ఫిగర్ చేసేటప్పుడు ‘పీకేజీ_కాన్ఫిగ్_పాత్’ అనే వేరియబుల్‌లో ‘$హోమ్/.లోకల్/లిబ్/పీకేజీకాన్ఫిగ్’ ఇవ్వాలి, పేరు మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో. మీ ‘.లోకల్/బిన్’ని ‘పాత్’ అనే వేరియబుల్‌లో చేర్చుకోవడం మర్చిపోకండి.

మ్యాక్ మీద

‘ఎక్స్‌కోడ్-సెలెక్ట్ --ఇన్‌స్టాల్’ కొడితే ఆపిల్ వాళ్ల కమాండ్ లైన్ టూల్స్ వస్తాయి, క్లాంగ్ కంపైలర్ అందులోనే ఉంటుంది. మొత్తం ఎక్స్‌కోడ్ డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు. తర్వాత హోమ్‌బ్రూ, దాంతో:

‘బ్రూ ఇన్‌స్టాల్ ఆటోకాన్ఫ్ ఆటోమేక్ లిబ్‌టూల్ పీకేజీ-కాన్ఫిగ్ లెప్టోనికా లిబ్ఆర్కైవ్’

ట్రెయినింగ్ కావాలంటే ‘ఐసీయూ4సీ’, ‘పాంగో’ కూడా. ఇక్కడ నుంచి ఆటోజెన్, కాన్ఫిగర్, మేక్ అన్నీ ఉబుంటులో చేసినట్టే. తేడాలు మాత్రం కొన్ని ఉన్నాయి, అవి తెలియకపోతే గంటలు పోతాయి.

మొదటిది, హోమ్‌బ్రూ ఎక్కడుందన్నది. ఇంటెల్ మ్యాక్‌లో ‘/యూఎస్ఆర్/లోకల్’లో ఉంటుంది, ఎం1, ఆ తర్వాత వచ్చిన ఆపిల్ చిప్ మ్యాక్‌లలో ‘/ఓపీటీ/హోమ్‌బ్రూ’లో. నెట్‌లో దొరికే పాత సూచనలన్నీ మొదటి దారినే రాసి పెట్టాయి, అవి మీ మ్యాక్ మీద పనిచేయకపోతే కారణం ఇదే కావచ్చు. రెండోది, ఐసీయూ4సీ, లిబ్ఆర్కైవ్ లాంటివి హోమ్‌బ్రూ ఇన్‌స్టాల్ చేస్తుంది కానీ అందరికీ కనిపించే చోట పెట్టదు, ఎందుకంటే మ్యాక్‌ఓఎస్‌లో వాటి సొంత కాపీలు ఉన్నాయి. కాన్ఫిగర్‌కి అవి దొరకాలంటే దారి మనమే చూపించాలి: ‘బ్రూ --ప్రిఫిక్స్ ఐసీయూ4సీ’ కొడితే అది ఉన్న చోటు చెప్తుంది, దాని చివర ‘/లిబ్/పీకేజీకాన్ఫిగ్’ తగిలించి ఇందాక చెప్పిన ‘పీకేజీ_కాన్ఫిగ్_పాత్’లో పెట్టండి, ఒకటికన్నా ఎక్కువుంటే మధ్యలో కోలన్ పెట్టి కలపండి.

మూడోది అన్నిటికన్నా చికాకు పెట్టేది. పాత ఇంటెల్ మ్యాక్ నుంచి కొత్త ఆపిల్ చిప్ మ్యాక్‌కి మొత్తం డేటా మైగ్రేట్ చేసుకున్నవాళ్ల దగ్గర పాత హోమ్‌బ్రూ, కొత్త హోమ్‌బ్రూ రెండూ పక్కపక్కనే ఉంటాయి. కంపైల్ అంతా నున్నగా సాగి, ఆఖర్లో లింక్ చేసే దగ్గర ‘ఫలానా ఫైలు ఆర్మ్64, కావాల్సింది ఎక్స్86_64’ అనో, దానికి తిరగేసో ఎర్రర్ వస్తుంది. ‘యూనేమ్ -ఎం’ కొట్టి చూడండి. ఆపిల్ చిప్ మీద ఉండి కూడా ‘ఎక్స్86_64’ అని వస్తే మీ టెర్మినల్ రొసెట్టా కింద, అంటే ఇంటెల్ ప్రోగ్రాములని ఆపిల్ చిప్ మీద నడిపించే ఏర్పాటు కింద నడుస్తోంది, ఫైండర్‌లో ఆ యాప్ ‘గెట్ ఇన్ఫో’లోకి వెళ్లి రొసెట్టా టిక్ తీసేయండి. ‘విచ్ బ్రూ’ కూడా చూడండి, పాతదాన్ని చూపిస్తుంటే ‘పాత్’ సరిచేసుకుని, బిల్డ్ ఫోల్డర్ పూర్తిగా తీసేసి, కాన్ఫిగర్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. సగం నుంచి అతుకులు వేయడానికి ప్రయత్నించొద్దు.

ఇక మ్యాక్‌లో ఎల్‌డీకాన్ఫిగ్ ఉండదు, అవసరం కూడా లేదు. కోర్ల సంఖ్యకి ‘సిస్‌సీటీఎల్ -ఎన్ హెచ్‌డబ్ల్యూ.ఎన్‌సీపీయూ’.

విండోస్ మీద

ఇక్కడ దారులు ఎక్కువ, అందులో ఏది మీదో ముందే ఎంచుకోండి. మీకు కావాల్సింది పుస్తకాలు ఓసీఆర్ చేసుకోవడం ఒక్కటే అయితే, విండోస్ లోపలే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్ చాలు. అడ్మినిస్ట్రేటర్‌గా పవర్‌షెల్ తెరిచి ‘డబ్ల్యూఎస్ఎల్ --ఇన్‌స్టాల్’ కొట్టి, రీస్టార్ట్ చేస్తే మామూలుగా ఉబుంటు వచ్చి కూర్చుంటుంది, పైన ఉబుంటుకి చెప్పిందంతా యథాతథంగా చేసేయొచ్చు. నా సలహా ఇదే. ఒక్క జాగ్రత్త, సోర్సుని ఉబుంటులోంచే, ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోకే క్లోన్ చేయండి. విండోస్ గిట్‌తో సీ డ్రైవ్‌లో క్లోన్ చేసి దాన్ని డబ్ల్యూఎస్ఎల్‌లో బిల్డ్ చేయబోతే రెండు ఇబ్బందులు: సీ డ్రైవ్‌ని అటు నుంచి చదవడం చాలా నెమ్మది, పైగా విండోస్ గిట్ లైను చివరల్ని విండోస్ పద్ధతికి మార్చేసి ఉంటే ‘./ఆటోజెన్.ఎస్‌హెచ్’ కొట్టగానే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్’ లాంటి ఎర్రర్ వస్తుంది. ఫైలు చూడటానికి బాగానే ఉంటుంది, తప్పు కంటికి కనిపించదు, అందుకే ముందే చెప్తున్నాను.

అసలైన విండోస్ ఈఎక్స్ఈ కావాలంటే, లేదా మీ సీ++ ప్రోగ్రాములో టెసరాక్ట్ లైబ్రరీని కలుపుకోవాలంటే, విజువల్ స్టూడియో దారి. పూర్తి విజువల్ స్టూడియో అక్కర్లేదు, బిల్డ్ టూల్స్ చాలు, ఇన్‌స్టాలర్‌లో ‘డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ విత్ సీ++’ టిక్ చేస్తే కంపైలర్, ఇక్కడ కాన్ఫిగర్ పని చేసిపెట్టే సీమేక్ రెండూ వస్తాయి. లైబ్రరీల కోసం మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్యాకేజీ మేనేజర్ వాడదాం, దాని పేరు వీసీపీకేజీ. సీ డ్రైవ్‌లో ‘సోర్సు’ అర్థం వచ్చేలా ‘ఎస్ఆర్‌సీ’ అని చిన్న పేరుతో ఫోల్డర్ పెట్టుకోండి. లోపల్లోపల ఫోల్డర్లు బోలెడు పుట్టుకొస్తాయి, పాత్ పొడుగైతే విండోస్ 260 అక్షరాల హద్దు దగ్గర ఇబ్బంది పెడుతుంది. అందులోకి వీసీపీకేజీని క్లోన్ చేసి, ‘బూట్‌స్ట్రాప్-వీసీపీకేజీ.బ్యాట్’ నడిపి, తర్వాత:

‘వీసీపీకేజీ ఇన్‌స్టాల్ లెప్టోనికా:ఎక్స్64-విండోస్ లిబ్ఆర్కైవ్:ఎక్స్64-విండోస్ కర్ల్:ఎక్స్64-విండోస్’

ఇది చాలాసేపు పడుతుంది, ఎందుకంటే పీఎన్‌జీ, జేపెగ్, టిఫ్ అన్నిటినీ ఇది సోర్సు నుంచే కంపైల్ చేస్తుంది. ఆగిపోయిందనుకుని మూసేయకండి. కోడ్‌లో మార్పులేమీ చేయకుండా టెసరాక్ట్ ఒక్కటే చాలనుకుంటే లెప్టోనికా బదులు ‘టెసరాక్ట్:ఎక్స్64-విండోస్’ అని అడగండి, అన్నీ అదే చూసుకుంటుంది.

సొంతంగా చేసేవాళ్లు స్టార్ట్ మెనూలో ‘ఎక్స్64 నేటివ్ టూల్స్ కమాండ్ ప్రాంప్ట్’ తెరిచి, టెసరాక్ట్ ఫోల్డర్‌లోకి వెళ్లి, సీమేక్‌ని పిలవాలి. ‘సీమేక్ -ఎస్ . -బి బిల్డ్’ అని, దాని వెనక ‘-డీ’తో మొదలయ్యే రెండు సెట్టింగులు: ‘సీమేక్_టూల్‌చెయిన్_ఫైల్’కి వీసీపీకేజీ ఫోల్డర్‌లోని ‘స్క్రిప్ట్స్/బిల్డ్‌సిస్టమ్స్/వీసీపీకేజీ.సీమేక్’ పూర్తి పాత్, ‘బిల్డ్_ట్రెయినింగ్_టూల్స్’కి ‘ఆఫ్’. ట్రెయినింగ్ టూల్స్ మామూలుగా ఆన్‌లో ఉంటాయి, వాటికి ఐసీయూ, పాంగో కావాలి, మొదటిసారికి ఆ భారం వద్దు. సెట్టింగుల పేర్లు మాత్రం క్యాపిటల్ అక్షరాల్లో, సీమేక్‌కి చిన్నా పెద్దా తేడా ఉంది. ‘-ఎస్’, ‘-బి’, ‘-డీ’ లలో కూడా పెద్దక్షరాలే.

ఆ టూల్‌చెయిన్ సెట్టింగు మొదటిసారే ఇవ్వాలి. మర్చిపోయి సీమేక్ నడిపి, లెప్టోనికా దొరకలేదన్నాక దాన్ని జోడించి మళ్లీ నడిపితే లాభం లేదు, సీమేక్ మొదటిసారి చూసినదాన్నే తన క్యాష్‌లో దాచుకుంటుంది. బిల్డ్ ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ నడపండి.

‘సీమేక్ --బిల్డ్ బిల్డ్ --కాన్ఫిగ్ రిలీజ్’ అంటే కంపైల్ అవుతుంది. చివర్లో ఆ ‘--కాన్ఫిగ్ రిలీజ్’ లేకపోతే విజువల్ స్టూడియో డీబగ్ బిల్డ్ చేస్తుంది, ఒక్కో పేజీ చదవడానికి అది తీసుకునే సమయం చూసి టెసరాక్ట్ అంటేనే నెమ్మది అనుకుంటారు.

ఎంసిస్2 అనే మూడో దారి కూడా ఉంది, ప్యాక్‌మ్యాన్‌తో ప్యాకేజీలు వేసుకుని జీసీసీతో కంపైల్ చేయొచ్చు. అందులో మాత్రం యూసీఆర్‌టీ64 షెల్ తెరవాలి, ఉత్త ఎంసిస్ షెల్ కాదు.

భాష ఫైలు

బిల్డ్ అయింది, వెర్షన్ వచ్చింది, సంతోషంగా పేజీ ఇస్తే ‘ఈఎన్‌జీ.ట్రెయిన్డ్‌డేటా తెరవలేకపోయాను, ఒక్క భాష కూడా లోడ్ కాలేదు’ అంటుంది. మీ బిల్డ్ పాడవలేదు. సోర్సు నుంచి ఇన్‌స్టాల్ చేస్తే భాష ఫైళ్లు రావు, మనమే విడిగా తెచ్చుకోవాలి.

అదే గిట్‌హబ్ ఖాతాలో మూడు చోట్ల ఉంటాయి: టెస్‌డేటా, టెస్‌డేటా_ఫాస్ట్, టెస్‌డేటా_బెస్ట్. ఫాస్ట్ చిన్నది, వేగంగా నడుస్తుంది. బెస్ట్ నెమ్మది, కానీ కచ్చితత్వం కోసం చేసింది, మీ సొంత ఫాంటుకో పాత అచ్చుకో మోడల్‌ని ఇంకా సానపట్టాలంటే బెస్ట్ మీదే చేయాలి. పుస్తకం పనికి నేను బెస్ట్‌తోనే మొదలుపెట్టమంటాను, వందల పేజీలు ఒకే రాత్రిలో కావాలంటే ఫాస్ట్. కావాల్సిన ఫైళ్లు ‘టెల్.ట్రెయిన్డ్‌డేటా’, ‘ఈఎన్‌జీ.ట్రెయిన్డ్‌డేటా’. భాష చెప్పకపోతే టెసరాక్ట్ ఇంగ్లీషునే వెతుకుతుంది కాబట్టి రెండోది కూడా ఉంచుకోండి. స్క్రిప్ట్ అనే లోపలి ఫోల్డర్‌లో తెలుగు లిపి పేరుతో ఇంకో మోడల్ ఉంది, మీ పుస్తకానికి రెండిట్లో ఏది బాగా చదువుతుందో ఒక పేజీ మీద పోల్చి చూసుకోండి.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫైలు పేరు మీద రైట్ క్లిక్ చేసి సేవ్ చేయొద్దు, అలా చేస్తే వచ్చేది ఆ ఫైలు గురించిన వెబ్ పేజీ. ఫైలు తెరిచి డౌన్‌లోడ్ బటన్ నొక్కండి. పెట్టాల్సిన చోటు లినక్స్‌లో ‘/యూఎస్ఆర్/లోకల్/షేర్/టెస్‌డేటా’, ప్రిఫిక్స్ మార్చినవాళ్లకి ఆ ప్రిఫిక్స్ కింద ‘షేర్/టెస్‌డేటా’. వేరే చోట పెట్టుకుంటే ‘టెస్‌డేటా_ప్రిఫిక్స్’ వేరియబుల్‌లో సరిగ్గా ఆ ఫోల్డర్ పాత్ ఇవ్వండి. 4.0కి ముందు దానికి పైనున్న ఫోల్డర్ ఇవ్వాల్సి వచ్చేది, పాత సూచనలు చూసి తికమకపడొద్దు. ‘టెసరాక్ట్ --లిస్ట్-ల్యాంగ్స్’లో టెల్ కనిపిస్తే సరిపోయినట్టే.

తెలుగు పేజీ చదివించడం

టెసరాక్ట్ పీడీఎఫ్‌ని నేరుగా తీసుకోదు. పాప్లర్ టూల్స్‌లో ఉన్న ‘పీడీఎఫ్‌టుపీపీఎం’తో పేజీలను ఫొటోలుగా విడగొట్టండి: ‘పీడీఎఫ్‌టుపీపీఎం -ఆర్ 300 -పీఎన్‌జీ పుస్తకం.పీడీఎఫ్ పేజీ’. ఆ 300 డీపీఐ ముఖ్యం, తక్కువైతే వత్తులూ సున్నలూ కలిసిపోతాయి. తర్వాత:

‘టెసరాక్ట్ పేజీ-001.పీఎన్‌జీ అవుట్ -ఎల్ టెల్’

అవుట్ పేరుకి ‘.టీఎక్స్‌టీ’ మీరు చేర్చొద్దు, అదే చేర్చుకుంటుంది. మధ్యలో ఇంగ్లీషు మాటలున్న పుస్తకమైతే ‘-ఎల్ టెల్+ఈఎన్‌జీ’. చివర్లో ‘పీడీఎఫ్’ అని చేరిస్తే పేజీ బొమ్మ అలాగే ఉండి వెనక అక్షరాలు దాగి ఉన్న, వెతకడానికి వీలయ్యే పీడీఎఫ్ వస్తుంది. కవిత్వం పేజీలు, ఒకే కాలమ్ ఉన్నవి సరిగ్గా రాకపోతే ‘--పీఎస్ఎం 6’ పెట్టి చూడండి, పేజీ మొత్తాన్ని ఒకే దిమ్మెగా తీసుకుంటుంది. రెండు కాలమ్‌ల పత్రికకి మాత్రం అది పెట్టకండి, రెండు వరసలూ కలిపి చదివేస్తుంది.

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఫలితం డబ్బాలుగా కనిపిస్తే గాభరా వద్దు, ఫైలు తీసుకెళ్లి నోట్‌ప్యాడ్‌లో తెరవండి, అక్షరాలు అక్కడ సరిగ్గానే ఉంటాయి. వందల పేజీలు ఒకేసారి నాలుగైదు చొప్పున నడుపుతుంటే ‘ఓఎంపీ_థ్రెడ్_లిమిట్=1’ అని పెట్టుకోండి. లేకపోతే ఒక్కో పేజీ నాలుగేసి థ్రెడ్లు లాక్కుని, అన్నీ ఒకదానికొకటి అడ్డుపడి మొత్తం నెమ్మదిస్తుంది.

ఫలితాన్ని అసలు పేజీ పక్కన పెట్టుకుని చూడండి. థ–ధ, ఋ–బు లాంటి పోలికలున్న అక్షరాలు, వత్తు కింద వత్తు ఉన్న చోట్లు, పాత అచ్చులోని అరసున్నలు, బండిరలు, వీటి దగ్గర కన్నేసి ఉంచండి. నిన్నమొన్న కంప్యూటర్‌లో కూర్చిన పుస్తకం ఇచ్చేంత శుభ్రమైన ఫలితం పాత లెటర్‌ప్రెస్ పుస్తకం ఇవ్వదు, దాన్ని దిద్దే పని మనిషిదే. తెలుగు వికీసోర్స్‌లో పేజీ పేజీ కూర్చుని దిద్దేవాళ్లు చేసేది అదే.

ఎక్కడైనా ఆగిపోతే

‘-జె’తో నడిపినప్పుడు అసలు ఎర్రర్ పైన ఎక్కడో ఉండి, దాని తర్వాత మిగతా కంపైలర్ల మాటలు వచ్చి పడతాయి. ఉత్త ‘మేక్’ మళ్లీ నడపండి, అసలు కారణం ఆఖర్లోనే కనిపిస్తుంది. ఎర్రర్లు ఇరవై ఉన్నా మొదటిదే చూడండి, మిగతావి చాలావరకు దాని వెనకే వచ్చినవి. వెర్షన్ మార్చి వేరే ట్యాగ్‌కి వెళ్తే బిల్డ్ ఫోల్డర్ తీసేసి, ఆటోజెన్ నుంచి మళ్లీ చేయండి. తీసేసే ముందు, పాత వెర్షన్ సిస్టమ్‌లో వద్దనుకుంటే అదే బిల్డ్ ఫోల్డర్‌లోంచి ‘సుడో మేక్ అన్ఇన్‌స్టాల్’ కొట్టండి. ఫోల్డర్ పోయాక ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో చేత్తో వెతుక్కోవాలి.

అన్నీ సరిగ్గా చేశాక కూడా తెలుగు విషయంలో టెసరాక్ట్ పదేపదే ఒకే తప్పు చేస్తుంటే, లేదా మీ సిస్టమ్ మీద బిల్డ్ అవ్వడమే లేదంటే, గిట్‌హబ్‌లో ఇష్యూ పెట్టండి. ముందు అదే సమస్య ఎవరైనా చెప్పారేమో వెతకండి. కొత్తది పెట్టేటప్పుడు ‘టెసరాక్ట్ --వెర్షన్’ ఇచ్చిన జవాబు మొత్తం, మీ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, మీరు కొట్టిన కమాండ్ అక్షరం పొల్లుపోకుండా ఇవ్వండి. తప్పు చదివిన పేజీ అయితే పేజీ మొత్తం కాకుండా ఆ రెండు మూడు లైన్లు మాత్రమే కత్తిరించిన ఫొటో, దానికి రావాల్సిన సరైన తెలుగు టెక్స్టు, నిజంగా వచ్చిన టెక్స్టు మూడూ పక్కపక్కన పెట్టండి. అవతల చూసేవాళ్లకి తెలుగు చదవడం రాకపోవచ్చు, రెండు టెక్స్టులూ ఎదురెదురుగా ఉంటే తేడా ఏ అక్షరం దగ్గరుందో వాళ్లు పట్టుకోగలరు.